వంపు లేని పైపు

మా ఇంట్లో ఎవరి మాటా ఎవరూ వినరు. అత్తగారు గరిటె ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టడం నాకు నామోషీ. నేను తలుపు వేయమంటే లేచి వేయడం మా ఆయనకి బద్ధకం. అలాంటి మేము అల్లుడుగారు నోరు విప్పితే మాత్రం ఎక్కడలేని బుద్ధిమంతులమైపోతాం. అల్లుడుగారంటే మా ఆయన అక్క మొగుడు, నాకు వరసకి అన్నయ్య. ఆయన ఒకసారి భోజనం చేస్తూ తలెత్తి, "ఈ గడియారం కాస్త ముందున్నట్టుందే" అన్నారు. అత్తగారు వెంటనే మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి కుర్చీ ఎక్కి, సరిగ్గా నడుస్తున్న గడియారాన్ని వెనక్కి తిప్పారు. ఆ రోజునుంచీ మా ఆయనకి పొద్దున బస్సు అందడం లేదు. దాన్ని మళ్ళీ ముందుకి తిప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఈ గడియారం సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది తెలియకపోతే మా అత్తగారి మంచం మీదుగా నీళ్ళ పైపు ఎలా వెళ్ళిందో ఎంత చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

నేను లాయర్ల గౌన్లు కుడతాను. నల్లగుడ్డ మీద నల్లదారం. ఆ పనికి చెయ్యి తిరిగి ఉంటే చాలదు, వెలుగు కావాలి. ట్యూబులైటు కింద నల్లదాని మీద నల్లది కుట్టడమంటే కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించడమే. మా ఇంటికి ఎండ వచ్చే కిటికీ ఒక్కటే, హాల్లో తూర్పువైపు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆ కిటికీ కింద నా మిషను వేసుకున్నాను. ఈ ఇంట్లో ఇది నాది అని నేను చెప్పుకోగలిగింది ఆ జాగా ఒక్కటే.

మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తారు. "పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ చూపు బాగుచేస్తాను, ఇంటికొచ్చాక నేను చూసుకోడానికి ఏదో ఒకటి ఉండొద్దా?" అని మనిషి పొడుగున్న గాజుతొట్టి కొనుక్కొచ్చి హాల్లో నా కిటికీకి ఎదురుమూల పెట్టారు. అందులో బంగారు రంగు చేపలు. వాటిలో బాగా ఒళ్ళు చేసినదానికి గుమ్మడి అని పేరు కూడా పెట్టుకున్నారు. ఎదురుమూల కదా, నాకేం నష్టం?

తొట్టి కింద పంపు పెడితే జుమ్మంటోంది. పక్కగదిలో పడుకునే అత్తగారు, "నా చెవిలో తేనెటీగ దూరింది, దాన్నో నన్నో బయటికి పంపించండి" అన్నారు. దాంతో పంపునీ, నీళ్ళు వడకట్టే చిన్న తొట్టినీ వెనక బాల్కనీలోకి చేర్చారు. ముందు హాల్లో చేపలు, వెనక బాల్కనీలో పంపు, మధ్యలో అత్తగారి గది, వంటగది. హాల్లోంచి వెనక్కి దిగే నీళ్ళకి లావుపాటి గొట్టం గోడవారగా వేశారు, దానితో ఏ పేచీ లేదు. పేచీ అంతా పంపులోంచి హాల్లోకి రావాల్సిన నీళ్ళతోనే.

ఆ పని చేసింది టేపు మేస్త్రి. ప్రతి జాయింటుకీ అది పట్టుచీర అన్నంత శ్రద్ధగా తెల్ల టేపు చుడతాడని ఆ పేరు. పంపు నోరు అంగుళం. అతని సంచిలో ఉన్నది అరంగుళం పైపు. ఉన్నదాంతో సర్దేశాడు. పంపు నీళ్ళు పీల్చుకునే వైపు కూడా సన్నపైపే తగిలించాడు. గోడల వెంట, తలుపుల చుట్టూ, మూలమూలకీ మోచేయిలా వంగిన ఎల్బో వేసి, ఇల్లంతా ప్రదక్షిణం చేయించి పైపుని హాల్లోకి తెచ్చాడు. స్విచ్చి వేస్తే పన్నునొప్పి ఉన్నవాడి నోట్లోంచి జారినట్టు కాసిని నీళ్ళు తొట్టిలోకి జారాయి.

"వస్తున్నాయిగా సార్" అన్నాడు మేస్త్రి.

నాలుగు రోజులకి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచి గాలికోసం కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మా ఆయన అన్నం మానేశారు. సరిగ్గా అప్పుడే అల్లుడుగారు ఏదో పనిమీద ఊళ్ళోకి వచ్చి మా ఇంట్లో దిగారు.

అన్నయ్యగారు రోడ్లు వేసేచోట సర్వేయరు. తాడు లాగి, మేకు కొట్టి, ఇటునుంచి అటు తిన్నగా గీత గీయడమే ఆయన జీవితం. ముక్కుసూటి మనిషి. నడిచేటప్పుడు కూడా బల్ల అడ్డొస్తే పక్కకి తప్పుకోరు, బల్ల జరిపేదాకా నిలబడతారు. మా పైపు చూసి ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇదేం పనయ్యా! పంపు నోరు అంగుళమైతే పైపు అంగుళమున్నర ఉండాలి, అరంగుళమేంటి? పీల్చే వైపు అసలెప్పుడూ సన్నం చేయకూడదు, పంపు ఊపిరాడక చస్తుంది. ఇక ఈ ఎల్బోలు! ఒక్కో ఎల్బో దాటడానికి నీళ్ళు కొన్ని అడుగుల పైపు నడిచినంత అలిసిపోతాయి. అన్ని మలుపులు తిరిగాక ఇక్కడికి నీళ్ళు కాక చెమట వస్తుంది."

ఇంతవరకూ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా ఆయన లేచి నిలబడి వింటున్నారు. టేపు మేస్త్రి కూడా తల గోక్కుని, "అయితే లావుపైపు వేసి, ఎల్బోల బదులు సగం వంపు బెండ్లు వేసేద్దాం సార్, నీళ్ళు సాఫీగా తిరుగుతాయి" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఒక్కపూట పని.

"సగం వంపు కూడా వంపే" అన్నారు అన్నయ్యగారు. "చిన్న అబద్ధం అబద్ధం కాకుండా పోతుందా? ఒక్క వంపు కూడా వద్దు. పంపునుంచి తొట్టిదాకా ఒకే గీత."

కొలవడం మొదలైంది. గోడలకి అటూ ఇటూ టేపు పట్టి, సుద్దతో గుర్తులు పెట్టి, నేల మీద మోకాళ్ళ మీద పాకి, బాల్కనీలో పంపు దగ్గర మొదలుపెట్టిన గీతని హాలు వరకూ లాక్కొచ్చారు. పాత మూలకి తిన్నగా వెళ్దామంటే మధ్యలో ఇంటి స్తంభం అడ్డొచ్చింది. స్తంభాన్ని ఆయన కాసేపు తట్టి చూశారు. దాన్ని కొట్టేస్తే పైవాళ్ళు కిందికొస్తారని మేస్త్రి గుర్తుచేస్తే, అయిష్టంగానే వదిలేశారు. స్తంభాన్ని వదిలి ఇవతలగా లాగితే గీత వంటగదిలో పొయ్యి ముందు మోకాలి ఎత్తున, అత్తగారి గదిలో మంచం మీదుగా, హాల్లో నడుం ఎత్తున ఏటవాలుగా పైకి లేచి, సరిగ్గా ఒకచోట తేలింది. నా కిటికీ దగ్గర.

"తొట్టి ఇక్కడికి రావాలి" అన్నారు.

"అన్నయ్యగారూ, అక్కడ నా మిషనుంది."

"చూశాను చెల్లెమ్మా. మిషను ఎక్కడికైనా తిరుగుతుంది. నీళ్ళు తిరగవు."

అందరూ తలలూపారు. మేస్త్రి కూడా ఊపాడు. అన్నయ్యగారు అత్తగారివైపు తిరిగి ఎంతో మర్యాదగా, "మీ మంచం మీదుగా పోతుంది అత్తయ్యగారూ, మీకేమైనా ఇబ్బందా?" అని అడిగారు.

గరిటె చోటు మారితే మూడురోజులు మాట్లాడని మనిషి, "అయ్యో, ఎంతమాట అల్లుడుగారూ! నాకూ ఒంటరిగా ఉంది, పైపు తోడుంటుంది" అన్నారు.

నేను వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను. కుళాయి విప్పి మరీ ఏడ్చాను, వినిపించకూడదని. మా ఆయన వెనకే వచ్చి, "కొన్నాళ్ళు ఓర్చుకో" అన్నారు.

"మీ చేపలకి ఊపిరి కావాలి, ఒప్పుకుంటాను. నా కళ్ళకి వెలుగు అక్కర్లేదా? సెలవులయ్యాక కోర్టు తెరిచేలోపు ఇవ్వాల్సిన గౌన్లు మూటకట్టి ఉన్నాయి. చీకట్లో ఎలా కుట్టను?"

"ఆ మాట బావగారితో నువ్వే చెప్పు."

"మీ అక్క మొగుడు. మీరే చెప్పండి."

ఇద్దరం ఆయనకి చెప్పకుండానే బయటికొచ్చాం. ఆఖరి ఆశగా అన్నయ్యగారి భార్య, మా వదినకి ఫోను చేశాను. అంతా విని వదిన నిట్టూర్చింది. "మా ఇంట్లో బట్టలారేసే తీగ కూడా పడకగది మధ్యలోంచి పోతుందే అమ్మా. ఈసారి పైపుల మీద పడ్డారు. మా ఇంట్లో వేయనివ్వనని కూర్చున్నాను. అందుకే మీ ఇంటికొచ్చినట్టున్నారు" అంది. ఫోను పెట్టేశాను.

గోడలకి గుండ్రంగా కన్నాలు కోసే యంత్రం వచ్చింది. ఇల్లంతా ఎర్రటి పొడి. చేపల్ని నా పెద్ద స్టీలు బేసినులోకి మార్చారు. లావుపాటి పైపు ముక్క ముక్కగా బిగుసుకుంటూ ఇంట్లోకి నడిచొచ్చింది. నేను వంటగదిలో దాన్ని దాటుకుంటూ వండాను. మా ఆయన హాల్లో దానికింద దూరుకుంటూ దుకాణానికెళ్ళారు. అత్తగారైతే దాని మీద తువ్వాలు ఆరేసుకుని, కళ్ళజోడు తగిలించుకుని, "ఎంత వీలుగా ఉందో" అన్నారు. అన్నయ్యగారు ఊరికెళ్ళడం మాని రోజూ ఒక కన్ను మూసి, పైపు ఈ చివర్నుంచి ఆ చివరికి చూసేవారు. ఆయన ఒప్పుకున్న అడ్డు ఒక్కటే, పంపు నోటి ముందు ఒక వాల్వు. అదీ పూర్తిగా తెరిస్తే లోపల పైపంత కంత ఉండేది.

నా మిషను షూ స్టాండు పక్కకి చేరింది. ట్యూబులైటు కింద కుట్టాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా చూసి చూసి కుట్టాను. అయినా జరగాల్సింది జరిగింది. ఒక పొడుగు లాయరు గారి గౌను కుడి చెయ్యి చివర తెలియకుండా మూసి కుట్టేశాను. ఆయన తొందరలో అది తొడుక్కుని సెలవుల్లోనే ఏదో ప్రత్యేక విచారణకి వెళ్ళారు. ఎదుటి లాయరు అడ్డదిడ్డంగా మాట్లాడుతుంటే చెయ్యెత్తి అభ్యంతరం చెప్పబోయారు. చెయ్యి బయటికి రాలేదు. లోపల చెయ్యి వెతుక్కుంటుంటే జడ్జిగారు చూసి, ఈయనకి అభ్యంతరం లేదు కాబోలు, ఒళ్ళు దురదపెడుతోంది కాబోలు అనుకుని ముందుకి సాగిపోయారట.

ఆయన గౌను చేతపట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. పైపు అడ్డంగా ఉంది, లోపలికి రాలేకపోయారు. పైపు మీదుగానే మాట్లాడారు. "అమ్మా, నీ పని చూసి మా వాళ్ళందరికీ నీ పేరు చెప్పాను. ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు. కోర్టు తెరిచే రోజుకి మిగతావి ఒక్క తప్పు లేకుండా రావాలి. లేదంటే అందరం వేరేచోట కుట్టించుకుంటాం."

ఆయన వెళ్ళాక షూ స్టాండు పక్కన కూర్చుండిపోయాను. నాకు భయం వేసింది. పని పోతే ఇంట్లో నేను వంటా, బట్టలూ, అంతే. కిటికీ దగ్గర ఖాళీ గాజుతొట్టి ఎండలో నిగనిగలాడుతోంది. నా ఎండలో.

పంపు వేసే రోజు వచ్చింది. అన్నయ్యగారు కొత్త చొక్కా వేసుకున్నారు. తొట్టి నింపి, చేపల్ని బేసిన్లోంచి అందులోకి వదిలారు. మేస్త్రి బాల్కనీలో స్విచ్చి దగ్గర, అత్తగారు మంచం మీద పైపుకి చెవి ఆనించి, మేమందరం హాల్లో.

"వెయ్యి!"

"వస్తోంది, వస్తోంది, దాటిపోయింది!" అని అరిచారు అత్తగారు.

వచ్చింది. ఎక్కడా రాసుకోకుండా, ఎక్కడా తిరక్కుండా, లావుపైపు నిండా నీళ్ళు వచ్చి ఎదుటి అద్దాన్ని కొట్టాయి. తొట్టి సగం సుడి, సగం నురగ. గుమ్మడి నా కళ్ళముందే నెమ్మదిగా పక్కకి ఒరిగి, వెనక్కి కొట్టుకుపోయి, గాజుకి అతుక్కుపోయింది. మిగతావన్నీ దానికి అతుక్కున్నాయి. ఒక్కటీ ఈదడం లేదు. కళ్ళు మాత్రం మావైపు చూస్తున్నాయి.

మా ఆయన, "బావగారూ, చేపలు..." అన్నారు.

అన్నయ్యగారు చేతులు కట్టుకుని చాలాసేపు చూశారు. "ప్రవాహంలో ఏ లోపమూ లేదు బావా. లోపం చేపల్లో ఉంది."

"వాల్వు కాస్త మూస్తే..."

"మూయడానికైతే ఇంత ఎందుకు తవ్వాం?"

మా ఆయన తొట్టి అద్దానికి అరచేతులు ఆనించి నిలబడ్డారు. అత్తగారు లోపల్నుంచి, "అల్లుడుగారు చెప్పారంటే చేపల్లోనే ఉంటుంది" అన్నారు. నేను ఎవర్నీ అడక్కుండా జల్లెడ తెచ్చి, చేపల్ని ఊడబెరికి బేసిన్లో వేశాను. గుమ్మడి కాసేపు వెల్లకిలా తేలి, తర్వాత తెప్పరిల్లింది. దాన్ని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. దాని పరిస్థితీ నా పరిస్థితీ ఒకటే. నోరున్నవాడు ఎటు తోస్తే అటు అతుక్కోవడం.

అయితే ఒళ్ళు మండినప్పుడు నా బుర్ర బాగా పనిచేస్తుంది. ఆయన మాట కాదంటేనే కదా తప్పు. అవునంటే?

"అన్నయ్యగారూ" అన్నాను వీలైనంత అమాయకంగా, "వంపు లేకపోయినా, పైపు గోడలకి రాసుకుని నీళ్ళ జోరు కాస్త తగ్గుతుందని మొన్న మీరే అన్నారు."

"తగ్గుతుంది చెల్లెమ్మా. ఏం చేస్తాం? పొడుగును బట్టి తగ్గుతుంది."

"మరి పొడుగే లేకపోతే?"

"అంటే?"

"పైపు తొట్టి దగ్గరికి రావడమెందుకు? తొట్టినే పంపు దగ్గరికి తీసుకెళ్తే? వంపూ ఉండదు, పొడుగూ ఉండదు. జానెడు ముక్క చాలు."

అన్నయ్యగారు కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఇన్నేళ్ళుగా తాడు పట్టుకుని తిరుగుతున్నాను" అన్నారు. "అసలు తాడే అక్కర్లేదన్న మాట నాకు ఒక్కరూ చెప్పలేదమ్మా."

"అదీ నిజమే, అల్లుడుగారు ఎంత బాగా చెప్పారు!" అన్నారు లోపల్నుంచి అత్తగారు. చెప్పింది నేను. పోనీలెండి, నాకు కావాల్సింది పేరు కాదు.

తొట్టి బాల్కనీకి వెళ్ళింది. అన్నయ్యగారు జానెడు పైపు స్వయంగా బిగించి, ఆ హోరు కళ్ళారా చూసుకుని, తృప్తిగా ఊరెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, మా ఆయన వాల్వుని సగానికి తిప్పారు. అంతే. నీళ్ళు బుద్ధిగా తిరిగాయి, చేపలు బుద్ధిగా ఈదాయి. మా ఆయన రోజూ సాయంత్రం బకెట్టు బోర్లించుకుని గుమ్మడి ఎదురుగా కూర్చుంటున్నారు. అన్నయ్యగారు వస్తున్నారని కబురు రాగానే చేపలు బేసిన్లోకి వెళ్తాయి, వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. ఆయన చేపలు లేని ఆ తొట్టి ముందు నిలబడి, "ఎంత బాగుందో చూడు బావా" అంటారు. "అవును బావగారూ" అంటారు మా ఆయన.

నా మిషను కిటికీ కిందికి తిరిగొచ్చింది. ఆ రోజు ఎండలో నల్లగుడ్డ పరిచి, ప్రతి పోగూ కనిపిస్తుంటే, సిగ్గు లేకుండా మళ్ళీ ఏడ్చాను. ఈసారి కుళాయి విప్పలేదు.

ఇక మిగిలింది పాత పైపు విప్పడం. వంటగదిలో ముక్క నేనే దగ్గరుండి కోయించాను. హాల్లో ముక్క పోయింది. హాలు గోడలోంచి ముక్క లాగేసి, అత్తగారి మంచం అంచుదాకా వచ్చేసరికి లోపల్నుంచి కేక వినిపించింది.

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను మేస్త్రీ!"

నేను పరిగెత్తాను. ఆవిడ రెండు చేతులతో పైపు పట్టుకుని కూర్చున్నారు.

"అల్లుడుగారే తీసేయమన్నారు అత్తయ్యా."

"అననీ" అన్నారు.

ఆ ఇంట్లో ఆ మాట వినడం నాకదే మొదలు. మేస్త్రి రంపం ఆపేశాడు.

"నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా" అన్నారు ఆవిడ గొంతు తగ్గించి. "పొద్దున లేవాలంటే నిన్ను కేకెయ్యాలి. నువ్వు పనిలో ఉంటావు, ముఖం మాడ్చుకుని వస్తావు. మాడుస్తావులే, చూస్తాను కదా. ఇది వచ్చాక పట్టుకుని నా అంతట నేనే లేస్తున్నాను. ఉండనీ."

మాడుస్తానన్నది నిజమే. మంచం మీది ముక్కని కప్పునుంచి తీగలతో వేలాడదీయించాం. అటూ ఇటూ దేనికీ కలవని పైపు అది. హాలు గోడకి కన్నం మాత్రం బత్తాయంత అలాగే ఉండిపోయింది. మూయించాలి, మూయించాలి అనుకుంటూనే గౌన్ల హడావుడిలో పడిపోయాను.

కోర్టు తెరిచే ముందురోజు పొద్దున్నే మిషను దగ్గర కూర్చున్నాను. ఎండ అప్పుడే కిటికీలోంచి ఏటవాలుగా దిగుతోంది. చివరి గౌను. కుడి చెయ్యి కుట్టి, అందులో నా చెయ్యి దూర్చి బయటికొస్తుందని చూసుకుని, మెడ పట్టీ మొదలుపెట్టాను. నా వెనక గోడలోంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్! కాస్త పక్కకి జరుగు. నాకు ఎండ రావట్లేదు."

ఒళ్ళు భగ్గుమంది. ఈ కిటికీ కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. పైపుతో పోరాడాను, చేపలతో పోరాడాను, ఇంటి అల్లుడి మీద గెలిచాను. ఇప్పుడు కన్నంలోంచి వాటా అడుగుతున్నారా? నాలుగు దులిపేద్దామని లేచి, వంగి, కన్నానికి నోరు పెట్టబోయి ముందు పక్కనుంచి లోపలికి తొంగిచూశాను.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి పైపు మీద. రెండో చెయ్యి ఒళ్ళో వెల్లకిలా చాపి ఉంది. నేను లేచానేమో, ఎండ నా భుజం పక్కనుంచి కన్నంలో దూరి, తిన్నగా వెళ్ళి ఆ అరచేతిలో రూపాయి బిళ్ళంత పడింది. నాలుగు వైపులా గోడలే ఉన్న గది అది. ఇన్నేళ్ళలో దానిలోకి ఎండ రావడం నేను చూడలేదు. ఆవిడ దాన్ని వేళ్ళతో మూసి, తెరిచి చూసుకుంటున్నారు.

"వచ్చింది, వచ్చింది. అక్కడే ఉండు" అన్నారు.

వెనక్కి వచ్చి మిషను జానెడు పక్కకి జరిపాను.

"ఇప్పుడు?"

"సగమే వస్తోంది. నీ తల అడ్డం."

పనికి వేళ దాటిపోతోంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. స్టూలు మీద కూర్చుని, మెడ ఓ పక్కకి వంచి, ఎండ నా చెవి పక్కనుంచి పోయేలా సర్దుకుని, సూది కింద నల్లగుడ్డ పెట్టాను.

"ఇప్పుడు బాగుందా అత్తయ్యా?"

"బాగుంది. కదలకు" అన్నారు.